బాలానగర్ షెడ్ల నుంచి ఆదిభట్ల దాకా: మన హైదరాబాద్ విమాన విడిభాగాల చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

ఆదిభట్ల_రివెట్ | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఆదిభట్లలో విమాన భాగాలు కూర్చే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. రేకుకి రంధ్రం వేయడం, రివెట్ తల లోపలికి సమంగా కూర్చునేలా అంచు చెక్కడం, సీలెంట్ పూయడం, రివెట్ కొట్టడం, ఇదే నా రోజు పని. నేను ఇటు నుంచి కొడుతుంటే అటువైపు మా జోడీ బకింగ్ బార్ అనే ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటాడు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు, చప్పుడును బట్టే తెలిసిపోతుంది రివెట్ సరిగ్గా కూర్చుందా లేదా అని.

మొన్న పండక్కి మా మేనల్లుడు వచ్చి అడిగాడు: "మామా, విమానాల పని అంటే బెంగళూరు కదా, మన దగ్గరికి ఎట్లొచ్చింది?" నాకు తెలిసిందల్లా చెప్పాను. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది. ఆ తర్వాత టాటా వాళ్లు ఆదిభట్లలో సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు చేశారు. 2010లో లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సీ-130జే రవాణా విమానం తోక భాగాల కంపెనీ పెట్టారు. 2018 మార్చి 1న బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలేజ్‌ల, అంటే మొండెం భాగాల, ఫ్యాక్టరీ తెరిచారు. ఇంతే. "మరి వీళ్లంతా ఇక్కడికే ఎందుకొచ్చారు?" అన్నాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నెట్‌లో వెతికితే ఎంటార్ అనే పాత కంపెనీ పేరు వచ్చింది. తెలుగులో దాని గురించి ఉన్నదంతా షేర్ ధరే. 1970 నుంచి నడుస్తున్న కంపెనీ గురించి మన భాషలో నాలుగు పేజీలు కూడా లేవంటే బాధేసింది. తెలిసినవాళ్లు రాయండి, నేను అన్నీ ఒకచోట చేర్చి పెడతాను.

---

కూకట్‌పల్లి_ట్రేడర్ | శుక్రవారం, రాత్రి 9:58

అన్నా, ఎంటార్ ఇప్పుడు కొనొచ్చా? 2021 మార్చిలో ఐపీఓ వచ్చినప్పుడు 575కి అప్లై చేశాను, 200 రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది, నాకు రాలేదు.

---

ఆదిభట్ల_రివెట్ | శుక్రవారం, రాత్రి 10:05

తమ్ముడూ, షేర్ల సంగతి వేరే చర్చలో పెట్టుకుందాం, ఏమనుకోకు. ఇక్కడ ఆ కంపెనీ ఏం చేసింది, ఎవరు చేశారు అనేదే మాట్లాడుకుందాం.

---

చింతల్_టర్నర్ | శుక్రవారం, రాత్రి 11:30

బాబూ, నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే నీ ప్రశ్న కనబడింది. నాకు డెబ్బై దాటాయి. నాకు తెలిసినంత రాస్తాను.

నేను నల్లగొండ వైపు నుంచి ఐటీఐ చేసి వచ్చి చింతల్‌లో మెషిన్లు తయారు చేసే హెచ్ఎంటీలో అప్రెంటిస్‌గా చేరాను. అప్పట్లో బాలానగర్ చుట్టుపక్కల అంతా సర్కారీ ఫ్యాక్టరీలే. విమానాల హెచ్ఏఎల్, మందుల ఐడీపీఎల్, మా హెచ్ఎంటీ, అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ ఇంకా పాతది, 1943లోనే పెట్టారు. బాలానగర్‌లోనే 1968లో టూల్ డిజైన్ సంస్థ వచ్చింది, అదే మీరిప్పుడు సీఐటీడీ అంటారు. ప్రాగా తప్ప ఇవన్నీ పదేళ్ల అటూ ఇటూగా ఒక్కచోట పడ్డాయి. పల్లె నుంచి వచ్చిన మాలాంటి పిల్లలకు పని నేర్పింది అవే.

ఎలా నేర్పారో చెబుతాను. మొదటి మూడు నెలలు ఆకురాయి తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వలేదు. ఒక ఇనుప దిమ్మ ఇచ్చి ఆరు ముఖాలూ చదునుగా, మూలమట్టంగా రాయమన్నారు. మూలమట్టం ఆనించి వెలుతురుకి పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. వస్తే మళ్లీ మొదటి నుంచి. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట కూడా తిట్టేవాడు కాదు, దిమ్మ తిరిగి మా చేతిలో పెట్టేవాడు, అంతే. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేక హాస్టల్‌లో చెంచాతో తిన్న రోజులున్నాయి.

ఇక ఎంటార్. ఆ పేరే దాని పుట్టుక చెబుతుంది. మెషిన్ టూల్స్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్. 1970లో పి. రవీంద్ర రెడ్డి గారు, కె. సత్యనారాయణ రెడ్డి గారు, పి. జయప్రకాశ్ రెడ్డి గారు మొదలుపెట్టారు. రాకెట్ల కోసం పెట్టిన కంపెనీ కాదది. అరిగిపోయిన మెషిన్లను మళ్లీ కొత్తవాటిలా చేసే పని పేరులోనే ఉంది. నా ఉద్దేశంలో మన ఊరి చరిత్ర అంతా ఆ "రీకండిషనింగ్" అనే మాటలో ఉంది. ఎందుకో రేపు రాస్తాను, కళ్లు మంటగా ఉన్నాయి.

---

రాకెట్_ప్రియ | శనివారం, ఉదయం 7:15

తాతగారూ, నేను మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం. మెషిన్ రీకండిషనింగ్‌కీ రాకెట్‌కీ సంబంధం ఏంటో అర్థం కాలేదు. మాకు కాలేజీలో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ చెబుతారు, ఆకురాయి వారం రోజులే పట్టించారు. దయచేసి తప్పకుండా రాయండి.

---

చింతల్_టర్నర్ | శనివారం, ఉదయం 10:20

అమ్మా, చెబుతాను. లేత్ మెషిన్ చూశావు కదా. కింద పొడుగాటి బెడ్ ఉంటుంది, దాని మీదే క్యారేజ్ జరుగుతుంది. ఏళ్ల తరబడి నడిస్తే చక్ దగ్గర, ఎక్కువ పని జరిగే చోట, బెడ్ అరుగుతుంది. కంటికి కనపడదు, చేతికి తగలదు. కానీ ఆ మెషిన్ మీద తిప్పిన జాబ్ ఒక కొసన లావు, ఇంకో కొసన సన్నం వస్తుంది.

దాన్ని సరిచేయాలంటే స్క్రేపింగ్ చేయాలి. సరైన చదును ఉన్న పట్టీకి నీలం రంగు పలచగా పూసి బెడ్ మీద రుద్దుతాం. ఎత్తుగా ఉన్న చోట్ల నీలం అంటుకుంటుంది. అంటుకున్న చోట మాత్రమే స్క్రేపర్‌తో గీకుతాం. ఒక్కో గీకుడుకి కొన్ని మైక్రాన్లే పోవాలి. మన తల వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది, దానితో పోల్చుకో. మళ్లీ రంగు, మళ్లీ రుద్దడం, మళ్లీ గీకడం. బెడ్ అంతటా చుక్కలు సమంగా పరుచుకునేదాకా రోజుల తరబడి ఇదే పని.

ఇది చేసినవాడికి ఒక విద్య వస్తుంది. మెషిన్ ఎక్కడ తప్పు చేస్తుందో, ఎంత చేస్తుందో వాడి మణికట్టుకు తెలుస్తుంది. మామూలు మెషినిస్టు "ఈ మెషిన్ మీద ఇంతకంటే ఖచ్చితంగా రాదు" అంటాడు. మెషిన్నే బాగుచేసినవాడు, ఆ తప్పును లెక్కగట్టి దాన్ని దాటి జాబ్ తీస్తాడు. అణు రియాక్టర్ పనికి, రాకెట్ పనికి కావలసింది ఆ మనిషే. అవి పెద్ద సంఖ్యలో చేసేవి కావు. ఒకటో రెండో చేస్తారు, అవి తప్పకూడదు.

---

కంచన్‌బాగ్_పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 1:05

పెద్దాయన గారికి నమస్కారం. మీరు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను. ఉద్యోగమంతా లోహాల పరీక్షలతోనే గడిచింది నాకు.

1974 మేలో పోఖ్రాన్ అణు పరీక్ష జరిగింది. కెనడా మనతో అణు సహకారం ఆపేసింది. అప్పటికి రాజస్థాన్‌లో రెండో రియాక్టర్ పని సగంలో ఉంది. ఆ రకం రియాక్టర్‌లో ఒక విశేషం ఉంది, నడుస్తుండగానే ఇంధనం మార్చాలి. మన 220 మెగావాట్ల రియాక్టర్‌లో అడ్డంగా 306 గొట్టాలుంటాయి. వాటిలో దేనికైనా సరే, రెండు కొసలకూ రెండు ఫ్యూయలింగ్ మెషిన్లు వచ్చి తగులుకుంటాయి. ఇటు నుంచి ఒకటి కొత్త ఇంధనం నెడుతుంది, అటు నుంచి రెండోది వాడేసినది తీసుకుంటుంది. లోపల భారజలం మరిగే వేడితో, భారీ ఒత్తిడితో ఉంటుంది. సీల్ తీసి మళ్లీ బిగించే ఆ కాసేపట్లో కారకూడదు. ఆ మెషిన్ తలకాయనే ఫ్యూయలింగ్ మెషిన్ హెడ్ అంటారు. బయట కొందామంటే అమ్మేవాళ్లు లేరు. దాన్ని తయారు చేసి ఇచ్చిన కంపెనీల్లో మన ఎంటార్ ఒకటి. లేత్‌లు బాగుచేసుకునే షెడ్‌కి ఆ డ్రాయింగ్ వచ్చిందంటే, ఆ రోజు ఆ షెడ్‌లో ఉన్నవాళ్ల గుండె ఎలా కొట్టుకుందో ఊహించుకోండి.

రెండో పాయ రక్షణది. క్షిపణుల పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి వచ్చింది. 1970లో క్షిపణులు తయారు చేసే బీడీఎల్, 1973లో ప్రత్యేక లోహాలు పోసే మిధాని, రెండూ కంచన్‌బాగ్‌లోనే. 1982లో కలాం గారు డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు, మరుసటి సంవత్సరమే పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ ఐదింటినీ కలిపి ఒకే కార్యక్రమంగా మొదలుపెట్టారు. ఐదు క్షిపణుల భాగాలూ ఒక్క ల్యాబ్‌లో తయారు కావు. పని బయటికి పోవాల్సిందే. ఆ డ్రాయింగులు మోసుకుని మా వాళ్లు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్ల చుట్టూ స్కూటర్ల మీద తిరిగారు. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి, 1989 మే 22న అగ్ని ఎగిరాయి. ఆ రోజు రాత్రి ఈ వీధుల్లో ఎంతమంది ఫిట్టర్లు ఇంట్లో కూడా చెప్పుకోలేక లోపల్లోపలే సంతోషపడ్డారో!

లోహం మాట కూడా రాయనివ్వండి, అది నా బలహీనత. డ్రాయింగ్ ఉన్నా, మెషిన్ ఉన్నా, మేరేజింగ్ ఉక్కు అనే చాలా గట్టి ఉక్కు, టైటానియం లేకపోతే ఏమీ చేయలేం. 1998 అణు పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చి చిన్నచిన్న వస్తువులకు కూడా తలుపులు మూసినప్పుడు, కంచన్‌బాగ్ మిధానిలో పోసిన ఉక్కు మన దగ్గర ఉంది. అదే నిలబెట్టింది.

---

మల్లేశ్_జాబ్‌వర్క్ | శనివారం, సాయంత్రం 6:45

నేను జీడిమెట్లలో ఐదు మెషిన్ల షెడ్ నడుపుతున్నాను. పెద్దలు చెప్పింది నిజం. కానీ సర్కారీ ఫ్యాక్టరీలు, పెద్ద కంపెనీలు అని రాస్తే సగమే అవుతుంది. ఎంటార్ లాంటి వాళ్లకు కూడా కింద మాలాంటి షెడ్లు ఉంటాయి. ఒకడు టర్నింగ్, ఒకడు గ్రైండింగ్, ఒకడు ప్లేటింగ్. జాబ్ ఆటోలో పాత టైర్ల మీద పెట్టుకుని, గీత పడకుండా గోనెపట్ట చుట్టి వీధులు మారుతుంది. ఆ ఆటో డ్రైవర్‌కి కూడా తెలుసు గతుకు దగ్గర నెమ్మదిగా పోవాలని.

నా సొంత దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద ఒక కంపెనీకి నలభై బుష్‌లు చేశాను. కొలత ఒక్కదానిలో కూడా తేడా లేదు. మొత్తం లాట్ తిప్పి పంపారు. కారణం ఏంటంటే, రాడ్ కోసినప్పుడు ముక్క మీద హీట్ నంబర్ మళ్లీ గుద్దలేదు. ఏ పోతలో పోసిన లోహమో రుజువు లేదు. మంచి లోహమే, నాకు తెలుసు, కొన్న బిల్లు నా దగ్గరే ఉంది. అయినా స్క్రాప్. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కొన్న రాడ్ అది. ఆ రాత్రి షెడ్‌లోనే పడుకున్నాను.

---

క్యూసీ_సుజాత | శనివారం, రాత్రి 8:30

మల్లేశ్ అన్నా, చదివి మనసు కలుక్కుమంది. నేను మీ అవతలి వైపు కూర్చునే మనిషిని, ఇన్‌స్పెక్షన్‌లో పద్నాలుగేళ్లు. మీ లాట్ నా టేబుల్ మీదికి వచ్చినా నేను సంతకం పెట్టేదాన్ని కాదు. కారణం చెబుతాను, మీరు కోపం తెచ్చుకోరనే నమ్మకంతో.

ఆకాశంలో ఒక భాగం విరిగితే, మొదట అడిగే ప్రశ్న "ఈ పోత లోహంతో చేసినవి ఇంకా ఎన్ని విమానాల్లో ఉన్నాయి?" అనే. హీట్ నంబర్ ఉంటే ఆ విమానాలనే దించి చూస్తారు. లేకపోతే దేన్ని దించాలో తెలియదు. మీ నలభైలో ఒక్క బుష్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినా సరిపోతుంది, ఎన్నో ప్రాణాల మీదికి వస్తుంది.

మన ఊరి కంపెనీలకు అన్నిటికంటే కష్టమైన మలుపు ఇక్కడే వచ్చిందని నా అభిప్రాయం. క్షిపణికి పది ముక్కలు చేసేటప్పుడు ల్యాబ్ సైంటిస్టు పక్కనే నిలబడతాడు. డ్రాయింగ్‌లో తేడా వస్తే అక్కడే మాట్లాడుకుని సరిచేస్తారు. విదేశీ విమాన కంపెనీకి వేల ముక్కలు పంపేటప్పుడు మన పక్కన ఎవరూ ఉండరు, కాగితమే మాట్లాడాలి. విమాన పరిశ్రమ నాణ్యతకు ఏఎస్9100 సర్టిఫికెట్, హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ లాంటి ప్రత్యేక పనులకు నాడ్‌క్యాప్ అనే ఆమోదం, మొదటి ముక్క మీద డ్రాయింగ్‌లోని ప్రతి కొలతకూ రిపోర్ట్. ఒక చిన్న బ్రాకెట్‌కి నేను రాసిన మొదటి ముక్క రిపోర్ట్ ఆ బ్రాకెట్ కంటే బరువు తూగింది. చేయి గొప్పదైన చాలా షెడ్లు ఈ కాగితం దగ్గర ఆగిపోయాయి. దాటినవే ఇప్పుడు మనకు పేర్లుగా తెలుసు.

---

మల్లేశ్_జాబ్‌వర్క్ | శనివారం, రాత్రి 9:10

కోపం ఎందుకమ్మా. ఆ లాట్ తర్వాత ఈరోజుకీ నా షెడ్‌లో రాడ్ కోసే ముందే నంబర్ గుద్దుతారు. కొత్త కుర్రాడు చేరితే మొదట నేర్పేది అదే. కానీ ఒక మాట మీరూ వినాలి. ఆ సర్టిఫికెట్లకు ఖర్చు మాదే, బిల్లు మాత్రం మూడు నాలుగు నెలలకు గానీ రాదు. చరిత్ర రాసేటప్పుడు ఆ నెలలు ఎలా గడిచాయో కూడా రాయండి.

---

రాకెట్_ప్రియ | ఆదివారం, ఉదయం 8:00

రాకెట్ ఇంజిన్ల సంగతి ఎవరైనా చెబుతారా? క్రయోజెనిక్ మీద సెమినార్ ఇవ్వాలి నేను.

---

కంచన్‌బాగ్_పాతకాపు | ఆదివారం, ఉదయం 11:40

ప్రియా, మీ సెమినార్‌కి ఇది పనికొస్తుంది. 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ మనకు క్రయోజెనిక్ ఇంజిన్లు, అంటే గడ్డకట్టే చలిలో ద్రవంగా ఉంచిన వాయువులతో నడిచేవి, వాటి పరిజ్ఞానం ఇస్తామంది. అమెరికా ఒత్తిడితో 1993లో పరిజ్ఞానం ఇవ్వబోమని వెనక్కి తగ్గింది. ఇంజిన్లు కొన్ని ఇచ్చింది, చేసే విద్య మనమే నేర్చుకోవాల్సి వచ్చింది. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీలు, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183. అంత చలిలో లోహం కుంచించుకుపోతుంది. అందులోనే ఇంధనాన్ని ఇంజిన్‌లోకి నెట్టే టర్బోపంప్ నిమిషానికి 40,000 చుట్లకు అటూ ఇటూగా తిరగాలి. గది వేడిమిలో సరిగ్గా ఉన్న సందు ఆ చలిలో బిగుసుకుపోతే పంప్ ఆగిపోతుంది. ఆ ఇంజిన్ల తయారీలో ముంబై గోద్రెజ్, మన ఎంటార్ రెండూ పాలుపంచుకున్నాయి.

2010 ఏప్రిల్ 15న మన సొంత ఇంజిన్‌తో మొదటి ప్రయోగం విఫలమైంది, ఇంధన బూస్టర్ పంప్ ఆగిపోయింది. 2013 ఆగస్టులో లీక్ కనిపించి ప్రయోగం ఆపారు. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్ సఫలమైంది. రష్యా కాదన్న రోజు నుంచి లెక్కపెట్టుకోండి, ఇరవై ఏళ్లు.

మన రాకెట్లలో వాడే వికాస్ ఇంజిన్ కూడా చూడండి. ఫ్రాన్స్ వైకింగ్ ఇంజిన్ నుంచి వచ్చిన పరిజ్ఞానం అది. ఎంటార్ దాన్నీ చేస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్ మధ్య దశలో రెండు వికాస్ ఇంజిన్లున్నాయి. అది చంద్రుడి మీద దిగిన ఆగస్టు 23న మనమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టాం కదా, అందులో మన ఊరి ఫిట్టర్లకు వాటా ఉంది.

---

ఆదిభట్ల_రివెట్ | ఆదివారం, మధ్యాహ్నం 3:20

నా మేనల్లుడికి ఇదంతా చదివి వినిపించాను. "మరి ఇప్పుడు?" అన్నాడు. ఇప్పటివి నాకు తెలిసినవి క్లుప్తంగా రాస్తాను. రాకేశ్ చొప్దార్ గారు 2008లో బాలానగర్‌లోనే చిన్న షెడ్‌లో నడిపిన ఆజాద్ ఇంజినీరింగ్ ఇవాళ జీఈ, సీమెన్స్, మిత్సుబిషీ లాంటి వాళ్లకు టర్బైన్ బ్లేడ్లు పంపుతోంది, 2023 డిసెంబర్‌లో ఐపీఓకి వెళ్లింది. వెమ్ టెక్నాలజీస్ 1988 నుంచి ఉంది, 2025 మేలో తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానం మధ్య ఫ్యూజిలేజ్‌ని హెచ్ఏఎల్‌కి అప్పగించింది. శంషాబాద్‌లో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్, లీప్ విమాన ఇంజిన్ల భాగాలు చేస్తోంది. 2018లో పుట్టిన స్కైరూట్ కంపెనీ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ని ఎగరేసింది.

కానీ నాకు ఇప్పుడు అర్థమైంది. మా ఫ్యాక్టరీలో నాకు రివెట్ పని నేర్పిన సూపర్‌వైజర్ సార్ బాలానగర్ నుంచి వచ్చారు. ఆయనకు నేర్పినాయన సర్కారీ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. వేలితో అంచు తడిమి బర్ర్, అంటే లోహం కోసాక మిగిలే గరుకు అంచు, ఉందో లేదో చెప్పేవారు, నేనూ అలాగే తడుముతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఇన్నాళ్లూ తెలియకుండానే చేస్తున్నాను.

---

చింతల్_టర్నర్ | ఆదివారం, సాయంత్రం 5:50

బాబూ, ఆ చివరి మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నాతో పాటు స్క్రేపింగ్ చేసినవాళ్లు పదకొండు మంది. ఇప్పుడు నలుగురం ఉన్నాం. ఒకాయనకు చూపు పోయింది, కానీ చేతిలో దిమ్మ పెడితే ఏ మూల ఎత్తుగా ఉందో ఇప్పటికీ చెబుతాడు. ఆయన పని చేసిన భాగాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో ఆయన ఇంట్లో మనవలకు తెలియదు, చెప్పకూడదని అప్పట్లో అన్నారు, ఆ అలవాటు పోలేదు. నువ్వు రాస్తానన్నావు కదా, మా మాటలు విని రాసుకో. రహస్యాలు మేం చెప్పం, పని ఎలా నేర్చుకున్నామో చెబుతాం.

---

ఆదిభట్ల_రివెట్ | ఆదివారం, సాయంత్రం 6:10

సార్, వచ్చే ఆదివారం నాకు సెలవు. పొద్దున పది గంటలకు చింతల్ వస్తాను. రికార్డ్ చేయడానికి ఫోన్ సరిపోతుందా, లేక మంచి మైక్ ఏదైనా తేవాలా?

---

రాకెట్_ప్రియ | ఆదివారం, సాయంత్రం 6:14

నేనూ రావచ్చా తాతగారూ? మా కాలేజీలో మంచి మైక్ ఉంది, అడిగి తెస్తాను.

---

చింతల్_టర్నర్ | ఆదివారం, సాయంత్రం 6:40

రామ్మా, తప్పకుండా రా. సుజాతమ్మ, మల్లేశ్ కూడా వీలైతే రండి. నాతో చేసిన మిగతా ముగ్గురినీ నేను పిలిపిస్తాను. నా పాత స్క్రేపర్, నీలం రంగు డబ్బా అటక మీద ఉన్నాయి, దింపి పెడతాను. ప్రియా, చేతికి రంగు అంటుకుంటుంది, రెండు రోజులు పోదు, పాత బట్టలు వేసుకుని రా.